నల్లగొండ నుంచి లక్షద్వీప్‌కు వెళ్లాలంటే ఏమేం చూసుకోవాలి?

లక్షద్వీప్‌కు టికెట్ కంటే ముందు కావలసింది అనుమతి. మన దేశ పౌరులకైనా అక్కడి పాలనా యంత్రాంగం ఇచ్చే పర్మిట్ తప్పనిసరి కనుక, అది చేతికి వచ్చాకే తేదీలు ఖాయం చేసుకోవడం మేలు. నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం చేరుకుంటే, కొచ్చి నుంచి ఓడలో గానీ, లక్షద్వీప్‌లోని అగత్తి దీవికి విమానంలో గానీ వెళ్లవచ్చు. వానకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి అక్టోబరు తర్వాత బయలుదేరండి.

మొత్తం 36 దీవుల్లో జనావాసం ఉన్నవి 10 మాత్రమే. అన్నీ కలిపినా విస్తీర్ణం సుమారు 32 చదరపు కిలోమీటర్లు. నదులు లేవు. ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటికంటే తేలిక కావడంతో దానిపై పలుచని పొరగా నిలుస్తుంది. బావుల్లో ఊరేది ఆ నీరే. అతిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది. తరాలుగా ఫ్లోరైడ్ నీటితో బాధపడిన మన జిల్లావాసులకు మంచినీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. స్నానానికి కూడా నీళ్లు చూసి వాడండి.

తీరం దగ్గర రాళ్లలా కనిపించే పగడపు దిబ్బలు ప్రాణమున్నవి. వాటిపై కాలు మోపకండి. ముక్క తెచ్చుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.