మా అమ్మాయి ఎంపీ అవుతానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది కల్వకుర్తి. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ పొలిటికల్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతోంది. గ్రూప్-2 కోచింగ్‌లో చేర్పిద్దామనుకుంటే, 'నేను రాజకీయాల్లోకి వెళ్తా. ముందు ఎమ్మెల్యే, తర్వాత ఎంపీ' అంటోంది. నేను, వాళ్ల నాన్న ఇద్దరం ప్రభుత్వ టీచర్లం. మా ఇంట్లో వార్డు మెంబరుగా నిలబడినవాళ్లు కూడా లేరు. చాలా టెన్షన్‌గా ఉంది. దీనికి ఒక దారంటూ ఉందా? ఏం చదివించాలి?

జవాబు: 'ముందు ఎమ్మెల్యే, తర్వాత ఎంపీ' అంటోంది కదా, ఆ 'తర్వాత' దగ్గరే చాలామంది పొరపడతారు. మీరు టీచర్లు కాబట్టి మీ లెక్కలోనే చెప్తాను. ఎస్జీటీ నుంచి స్కూల్ అసిస్టెంట్, అక్కణ్ణుంచి హెడ్మాస్టర్ అయినట్టు ఎమ్మెల్యే నుంచి ఎంపీ కారు. సీనియారిటీ లిస్టు ఉండదు, పైన ఖాళీ అయితే కిందివాళ్లను జరపడమూ ఉండదు. రెండూ వేరువేరు కొలువులు. కనీస వయసు కూడా రెండింటికీ ఒకటే, 25 ఏళ్లు. రాజ్యసభకు, శాసనమండలికి మాత్రం 30.

మన తెలంగాణలో ఈమధ్య ఎమ్మెల్యేలుగా చేసి ఎంపీలైనవాళ్లను వరసపెట్టి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. చాలామంది అసెంబ్లీకి ఓడిపోయి లోక్‌సభకు వెళ్లినవాళ్లే. 2018 డిసెంబరులో కొడంగల్‌లో రేవంత్ రెడ్డి, అంబర్‌పేటలో కిషన్ రెడ్డి, నల్లగొండలో కోమటిరెడ్డి వెంకటరెడ్డి ఓడిపోయారు. నాలుగు నెలలు తిరిగేసరికి 2019 ఏప్రిల్‌లో మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్, భువనగిరి సీట్లలో నిలబడి ముగ్గురూ గెలిచారు. 2023లోనూ అంతే. ఈటల రాజేందర్ హుజూరాబాద్, గజ్వేల్ రెండుచోట్లా ఓడి, ఆర్నెల్లు తిరిగేసరికి మల్కాజ్‌గిరిలో గెలిచారు. రఘునందన్ రావు దుబ్బాకలో ఓడి మెదక్ ఎంపీ అయ్యారు.

ఇందులో వాళ్ల పట్టుదల ఎంతుందో, క్యాలెండర్ పాత్ర కూడా అంతే ఉంది. 2018 సెప్టెంబరులో అసెంబ్లీని గడువుకంటే ముందే రద్దు చేయడంతో తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికలు, లోక్‌సభ ఎన్నికలు విడిపోయాయి. మధ్యలో నాలుగైదు నెలల సందు దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నుంచీ రెండు ఓట్లూ ఒకేసారి పడుతున్నాయి. అక్కడ అసెంబ్లీకి ఓడినవాళ్లు వెంటనే లోక్‌సభకు నిలబడదామంటే కుదరదు. అంతకుముందు ప్రతిసారీ అలా ఉండేది కాదు. అసెంబ్లీ ఎన్నికలు 1994లో, లోక్‌సభ ఎన్నికలు 1996లో జరిగాయి కాబట్టే, హరిశ్చంద్రపురం నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన ఎర్రన్నాయుడు సిట్టింగ్ ఎమ్మెల్యేగా ఉంటూనే శ్రీకాకుళం ఎంపీ కాగలిగారు. ఎన్నికలన్నీ ఒకేసారి జరపాలన్న 129వ రాజ్యాంగ సవరణ బిల్లు 2024 డిసెంబరులో లోక్‌సభకు వచ్చి సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. అది చట్టమైతే మీ అమ్మాయి వయసు వచ్చేసరికి ఇక్కడి సందు కూడా మూసుకుపోవచ్చు. క్యాలెండర్‌ను నమ్ముకుని జీవితం ప్లాన్ చేసుకోలేం కదా.

ఇంకొకటి కూడా ఆమెకు చెప్పండి. 2019లో తెలంగాణ నుంచి కాంగ్రెస్ ఎంపీలుగా గెలిచింది ముగ్గురు: రేవంత్ రెడ్డి, ఉత్తమ్ కుమార్ రెడ్డి, కోమటిరెడ్డి. ఇందులో ఉత్తమ్ అప్పటికి హుజూర్‌నగర్ ఎమ్మెల్యే. రెండు సభల్లోనూ కొనసాగడం కుదరదు, 14 రోజుల్లోగా ఎమ్మెల్యే పదవి వదులుకోకపోతే ఎంపీ సీటే పోతుంది. ఆయన అసెంబ్లీని వదులుకుని ఢిల్లీ వెళ్లారు. 2023లో ఈ ముగ్గురూ మళ్లీ అసెంబ్లీకే పోటీ చేసి గెలిచి, ఎంపీ పదవులకు రాజీనామా చేశారు. ఒకాయన ముఖ్యమంత్రి, మిగతా ఇద్దరూ మంత్రులు. ఎంపీ అనేది పై మెట్టే అయితే ముగ్గురికి ముగ్గురూ ఎందుకు దిగివస్తారు?

కారణం పనిలోనే ఉంది. పోలీసు, ఆసుపత్రి, భూమి, సాగునీరు, ఇవన్నీ ముఖ్యంగా రాష్ట్రం చేతిలోవి. పొద్దున్నే గేటు ముందు జనం నిలబడేది ఎమ్మెల్యే ఇంటి దగ్గరే. రైల్వే, జాతీయ రహదారులు, బ్యాంకులు, రక్షణ కేంద్రానివి. తెలంగాణలో 119 అసెంబ్లీ సీట్లు, 17 లోక్‌సభ సీట్లు. అంటే ఒక్కో ఎంపీ కింద సరిగ్గా ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. నియోజకవర్గంలో పనులకు ఎంపీ సిఫార్సు చేసే ఎంపీ ల్యాడ్స్ నిధులు ఏడాదికి 5 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే, ఏడుతో భాగిస్తే నియోజకవర్గానికి 71 లక్షలు. ఏడుగురు ఎమ్మెల్యేలూ వేరే పార్టీవాళ్లైతే ఆ ఎంపీ పరిస్థితి మీరే ఊహించుకోండి. ఎంపీకి అసలు బలం వేరేచోట ఉంది: ప్రశ్నోత్తరాల సమయం, మంత్రిత్వ శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీలైన స్థాయీ సంఘాలు, బిల్లు మీద మాట్లాడే ఆ కొద్ది నిమిషాలు. చదివే ఓపిక, కాగితం మీద పని చేసే అలవాటు ఉన్నవాళ్లకు అది బంగారం. జనం మధ్య లేకపోతే ఊపిరాడనివాళ్లకు ఢిల్లీ జైలులా ఉంటుంది. మీ అమ్మాయి ఈ రెండు రకాల్లో ఏ రకమో నాకు తెలియదు. ఆమెకూ ఇంకా తెలిసి ఉండదు.

కాగితం పని చేసినవాళ్లకు ఉదాహరణ మీ ఊరి నుంచే చెప్తాను. జైపాల్ రెడ్డి 1969 నుంచి 1984 దాకా కల్వకుర్తి ఎమ్మెల్యే. ఉస్మానియాలో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, విద్యార్థి నాయకుడిగా పైకొచ్చిన మనిషి. 1980లో మెదక్‌లో ఇందిరా గాంధీ మీద నిలబడి ఓడిపోయారు. 1984లో మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు, తర్వాత రాజ్యసభ, మళ్లీ లోక్‌సభ. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం వచ్చింది. కానీ ఆయన సీట్లు చూడండి: మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, చేవెళ్ల. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో మిర్యాలగూడ లోక్‌సభ సీటే లేకుండా పోయింది. కల్వకుర్తి నాగర్‌కర్నూల్ లోక్‌సభ కింద ఉంది, అది ఎస్సీ రిజర్వుడు సీటు. మీరు ఎస్సీ కాకపోతే మీ అమ్మాయి సొంత ఊరి నుంచి ఎంపీగా పోటీ చేయడం, ఇప్పటి లెక్క ప్రకారం, కుదరదు. గద్వాలలో ఎమ్మెల్యేగా చేసిన డీకే అరుణ ఎంపీగా పోటీ చేసింది మహబూబ్‌నగర్‌లో. గద్వాల కూడా నాగర్‌కర్నూల్ కిందే ఉంది మరి.

అరుణ గారి లెక్క ఇంకో రకంగానూ పనికొస్తుంది. 2018లో గద్వాలలో ఓటమి, 2019లో మహబూబ్‌నగర్‌లో ఓటమి, 2024లో అక్కడే 4,500 ఓట్లతో గెలుపు. వెంకయ్యనాయుడు ఉదయగిరి ఎమ్మెల్యేగా 1985 వరకు ఉన్నారు. పార్లమెంటులో, అదీ కర్ణాటక నుంచి రాజ్యసభ సభ్యుడిగా, అడుగు పెట్టింది 1998లో. మధ్యలో పదమూడేళ్లు! అరుణ గారి వెనక రెండు రాజకీయ కుటుంబాలున్నాయి. వెంకయ్యగారికి పార్టీలో పూర్తికాలం పనుంది. మీ అమ్మాయికి అలాంటి పదమూడేళ్లు వస్తే ఇల్లు ఎలా గడుస్తుంది? నా దృష్టిలో ఏ కోర్సు అనే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఎవరి దయ మీదా ఆధారపడకుండా సంపాదించుకునే వృత్తి ఒకటి చేతిలో ఉండాలి.

అందుకే లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేర్పించండి అంటాను. లాయర్‌గా ప్రాక్టీస్ చేసుకుంటూ పార్టీలో తిరగొచ్చు, పోటీ చేయొచ్చు. గ్రూప్-2 ఉద్యోగం వస్తే అవేవీ కుదరవు, రాజీనామా చేయాల్సిందే. ఇది మీకూ వర్తిస్తుంది. సర్వీసులో ఉన్నంతకాలం మీరిద్దరూ కూతురి తరఫున ప్రచారానికి వెళ్లకూడదు. ఆమెకు పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే ఎన్నికల చట్టం ప్రకారం అది నేరం.

ఎల్ఎల్‌బీకి ముందో తర్వాతో, 25 ఏళ్లు దాటకముందే, ల్యాంప్ ఫెలోషిప్‌కు అప్లై చేయమనండి. చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ అనే సంస్థ దాన్ని నడుపుతుంది. ఎంపిక చేసిన, డిగ్రీ పూర్తయిన పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఎంపీ దగ్గర పెడతారు. సభలో అడిగే ప్రశ్నలు, ప్రసంగాలకు నోట్సు, స్థాయీ సంఘం కాగితాలు తయారుచేసి ఇవ్వడమే పని. స్టైపెండ్ ఇస్తారు. ఢిల్లీ పని నచ్చుతుందో లేదో ఏడాదిలోపే తేలిపోతుంది.

ఇక ఊరి వైపు. స్థానిక సంస్థలకు 21 ఏళ్లు చాలు. రేవంత్ రెడ్డి 2006లో మీ పక్కనే ఉన్న మిడ్జిల్‌లో ఇండిపెండెంట్ జెడ్పీటీసీగా మొదలుపెట్టారు, మరుసటేడే ఎమ్మెల్సీ, 2009లో ఎమ్మెల్యే. అంత వేగం అందరికీ కుదరదు. అసెంబ్లీ, లోక్‌సభల్లో మూడోవంతు సీట్లు మహిళలకిచ్చే చట్టం 2023లో వచ్చింది. జనగణన, ఆ మీద పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. పార్టీలు అప్పటికప్పుడు మహిళా అభ్యర్థుల కోసం వెతుక్కుంటాయి. ఆ రోజుకి జెడ్పీటీసీగానో కౌన్సిలర్‌గానో పని చేసిన పేరుంటే, ఇంటిపేరు అక్కరకు రాని మీ అమ్మాయిలాంటివాళ్లను కూడా పిలుస్తారని నా నమ్మకం.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. డిపాజిట్ అసెంబ్లీకి 10,000, లోక్‌సభకు 25,000. ఖర్చు పరిమితి 40 లక్షలు, 95 లక్షలు. ఆ పరిమితి కాగితం మీద ఎలా ఉంటుందో, నిజంగా ఎంతవుతుందో మీ చౌరస్తాలో ఎవరినడిగినా చెప్తారు. ఎన్నికల కోసం ఇల్లు తాకట్టు పెట్టం, పీఎఫ్ ముట్టుకోం అని ఇవాళే ఆమెతో చెప్పేయండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు డిగ్రీ మధ్యలో ఆపి నాలుగేళ్లు ఒక నాయకుడి సోషల్ మీడియా చూశాడు. టికెట్ సంగతి దేవుడెరుగు, చివరి రెండు నెలల జీతం కూడా ఇవ్వలేదు.

ఈ వారం ఆమెతో ఒక పని చేయించండి. కల్వకుర్తికి కావలసిన పది పనులు రాయమనండి. ఒక్కోదాని ఎదురుగా అది కౌన్సిలర్ పనా, ఎమ్మెల్యే పనా, ఎంపీ పనా రాయాలి. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువ ఎవరిది, కొల్లాపూర్ మీదుగా నంద్యాల వైపు వెళ్లే జాతీయ రహదారి ఎవరిది, ఇలాగన్నమాట. ఆ పదిలో ఏ మూడింటి కోసం పదేళ్లు తిరగడానికి సిద్ధమో వాటికి టిక్కు పెట్టి నాకు పంపమనండి. కోచింగ్ ఫీజు అప్పటిదాకా కట్టకండి.