మా నాయన పద్మిని కారును తిరుపతి నుంచి బెంగళూరుకు హైవే మీద ఎంత స్పీడులో తీసుకెళ్లొచ్చు?

అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా నాయన వాడిన 1986 ప్రీమియర్ పద్మిని ఇంట్లో ఉంది. ఈ మధ్యే ఇంజను పని మొత్తం చేయించాను. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా బెంగళూరు వెళ్లాలని ఉంది. మెకానిక్ అన్న 80, 90లో హాయిగా పోతుందంటున్నాడు. నమ్మొచ్చా?"

పోతుంది, అందులో అనుమానం లేదు. నాదీ అదే బండి. తిరుపతిలోనే ఉంటాను, చిత్తూరు, పలమనేరు వైపు ఏళ్ల తరబడి నడుపుతున్నాను. ఇంజను బాగుంటే పద్మిని 80 దాటి చక్కగా లాగుతుంది. అయినా నేను చదును రోడ్డు మీద 60, 65 దగ్గరే ఉంచుతాను. ట్రాక్టరునో ఆటోనో దాటాల్సి వస్తే 70. అంతకు మించితే ఇంజను ఒప్పుకుంటుంది గానీ బ్రేకులు ఒప్పుకోవు. పాత బండి కొన్నవాళ్లు ఇంజను పని చేయించామని గొప్పగా చెప్తారు, బ్రేకు పని చేయించామని చెప్పినవాళ్లు నాకు అరుదుగా తగిలారు. మీ ప్రశ్నలో కూడా బ్రేకుల ఊసు లేదు.

ముందు ఇంజను సంగతి తేల్చేద్దాం. ఫియట్ 1100 నుంచి వచ్చిన 1089 సీసీ ఇంజను అది, 40 హార్స్‌పవర్ ప్రాంతంలో ఉంటుంది. గేర్లు నాలుగే. టాప్ గేరులో ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే వెనక షాఫ్టు కూడా అన్నే తిరుగుతుంది. ఇప్పటి కార్లలోలాగా ఐదో గేరు వేసి ఇంజను చుట్లు తగ్గించుకోవడం ఉండదు. లెక్క వేస్తే 80లో ఇంజను నిమిషానికి 3,000 చుట్లకు కొంచెం పైనే తిరుగుతుంటుంది. దాని స్ట్రోకు, అంటే పిస్టను పైనుంచి కిందికి కదిలే దూరం, 75 మిల్లీమీటర్లే కాబట్టి ఆ చుట్లు దానికి పెద్ద భారం కాదు.

చిత్తూరులో మా బావకు మహీంద్రా సీజే3బీ పెట్రోల్ జీపు ఉంది. దాని యాక్సిల్ గేరింగు లాగుడు కోసం చేసింది కాబట్టి 80లో అదీ ఇంచుమించు అన్నే చుట్లు తిరుగుతుంది. తేడా ఏమిటంటే దాని స్ట్రోకు 111 మిల్లీమీటర్లు. ఒక్కో చుట్టుకు పిస్టను అంత దూరం పైకీ కిందికీ పరుగెత్తాలి. అంటే అదే స్పీడులో జీపు పిస్టను పద్మిని పిస్టను కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా కొట్టుకుంటుంది. బావ ఆ జీపును 55 దాటనివ్వడు. "ఇది కొండకూ పొలానికీ చేసిన బండి బామ్మర్దీ, బైపాసుకు కాదు" అంటాడు. అంబాసిడరు 1489 సీసీ ఇంజను స్ట్రోకు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కాబట్టి పాత బండ్లన్నిటికీ కలిపి ఒకటే స్పీడు చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి. ఇంకో మాట, ఇంజను పని అయ్యాక బండి ఇంకా 1,000 కిలోమీటర్లు తిరగలేదంటే ఈ చర్చ అంతా తర్వాత. పిస్టన్లకు వేసిన కొత్త రింగులు సర్దుకునేదాకా దాన్ని తొందరపెట్టకూడదు.

ఇక బ్రేకులు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెను లోపలి నుంచి షూలు ఒత్తితేనే బండి ఆగుతుంది. ఆ షూల మీద అంటించిన పట్టీయే లైనరు. మా బండికి బూస్టర్ కూడా లేదు, మన కాలి బలమే బలం. ఆ కాలం బండ్లలో చాలావాటికి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ఆయిల్ లైను. చక్రం దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్లలో ఏ ఒక్కదాంట్లో రబ్బరు వాషరు చినిగి ఆయిల్ కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. మీ బండిలో లైను ఒకటా రెండా అన్నది మెకానిక్‌ను అడిగి ఖాయం చేసుకోండి. ఒకటే అయితే, అది పోయాక చేతిలో మిగిలేది గేర్లూ హ్యాండ్ బ్రేకే. ఆ హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను చాలామంది గాలికొదిలేస్తారు.

60 నుంచి 80కి పెంచితే స్పీడు పెరిగింది మూడో వంతే. బ్రేకు మింగాల్సిన శక్తి మాత్రం 78 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 90లో అయితే 60లో ఉన్నదానికి రెండు రెట్ల పైనే. ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ముల్లోకి వెళ్తుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది, లైనరు పట్టు తగ్గుతుంది. అందుకే పాత బండిలో మొదటిసారి తొక్కితే బాగానే ఆగుతుంది. అసలు బండారం వెంటవెంటనే మూడోసారి తొక్కినప్పుడు బయటపడుతుంది. మెకానిక్ షెడ్డు ముందు ఒక్కసారి తొక్కి "సూపర్ అన్నా" అంటే సరిపోదు.

మీరు వెళ్లే దారిలో దీనికి సరైన పరీక్ష మొగిలి ఘాటు, అంటే అక్కడి కొండదారి. చిత్తూరు, బంగారుపాళ్యం దాటాక మొదలవుతుంది. పలమనేరు చిత్తూరు కన్నా బాగా ఎత్తులో ఉంది కాబట్టి వెళ్లేటప్పుడు రేడియేటరుకు పని, వచ్చేటప్పుడు బ్రేకులకు పని. ఒకసారి పలమనేరు నుంచి దిగుతున్నాం. ముందు గ్రానైట్ రాళ్ల లారీ. దాన్ని దాటే వీల్లేదు, అది నడిచినట్టే నడవాలి. రెండో గేరులోనే ఉన్నా మాటిమాటికీ బ్రేకు తొక్కక తప్పలేదు. సగం దిగేసరికి కాలిన వాసన మొదలైంది. పెడల్ గట్టిగానే తగులుతోంది, బండి మాత్రం ముందుకు పోతూనే ఉంది. వెనక సీట్లో మా ఆవిడ "ఏందీ వాసన?" అంటోంది, నాకేమో టెన్షన్. లారీని ముందుకు పోనిచ్చి, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట హ్యాండ్ బ్రేకుతో ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి అరగంట కూర్చున్నాం. పక్కనున్న టీ అంగడాయన బకెట్టుతో నీళ్లు తెచ్చి పోయబోతే నేనే వద్దన్నాను. ఎర్రగా కాగిన పోత ఇనుప డ్రమ్ము మీద చన్నీళ్లు పడితే పగిలినా పగలొచ్చు.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది పెడల్ తీరు. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే లైనర్లు వేడెక్కాయని. ఆపి చల్లారనిస్తే తిరిగి పట్టు వస్తుంది. పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంటే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని, లేదా ఎక్కడో కారిపోతోందని. అది ఇంకా ప్రమాదం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిన బండిలో ఆ పాత ఆయిలే ఉంటే, మీరు ఇంజను మీద పెట్టిన డబ్బంతా ఘాటులో ఎందుకూ పనికిరాదు.

కాబట్టి మెకానిక్ అన్నతో ఇలా చెప్పండి: నాలుగు డ్రమ్ములూ విప్పి చూడాలి, గాడులు పడి ఉంటే లేత్ మీద కొట్టించాలి, కొట్టించి కొట్టించి పల్చబడితే పారేసి వేరేవి వేయాలి. లైనర్లు ఎడమా కుడీ జతగా మార్చాలి. వీల్ సిలిండర్ లోపల గీతలుంటే ఉత్త వాషరు కిట్టు వేసి సర్దొద్దు, సిలిండరే మార్చాలి. చక్రాల దగ్గరుండే రబ్బరు బ్రేకు పైపులు బయటికి బాగానే కనిపించినా మార్చేయాలి. ఆయిల్ మొత్తం కొత్తది పోసి, పైపుల్లో చిక్కిన గాలి తీయాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 40లో గట్టిగా తొక్కి చూడండి. బండి ఒక పక్కకు లాగితే పని ఇంకా మిగిలే ఉంది.

టైర్ల గురించి ఒక్కటే చెప్తాను. గోడ మీద డాట్ అనే కోడు చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసిందని అర్థం. టైరు మీద గుండీలు (రోడ్డును పట్టే దిమ్మెలు) ఎంత ఉన్నా సరే, ఆరేళ్లు దాటిన టైరుతో నేను ఘాటు ఎక్కను. స్టీరింగు ఆట (వదులు), ముందు చక్రాలను తిప్పే కింగ్ పిన్నులు, టై రాడ్ ఎండ్లు చూపించడం ఎలాగూ తప్పదు.

ఇప్పుడు రెండో వైపు. 60లో పోతున్నాం కదా, భద్రమే అనుకోవద్దు. నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకు 2018లో కేంద్రం 100 దాకా ఒప్పుకుంది. మీరు 60లో పోతుంటే వెనక 100లో వచ్చేవాడు సెకనుకు 11 మీటర్ల చొప్పున మీ మీదికి వస్తుంటాడు. 100 మీటర్ల దూరం తొమ్మిది సెకన్లలో కరిగిపోతుంది. పద్మిని వెనక లైట్లేమో మిణుగురు పురుగులు. బ్రేకు లైటుకు మంచి బల్బులు వేయించి, బంపరు మీద ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి, బండి అందం పోతుందని బాధపడకండి. రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. ముఖ్యంగా జూన్, జులైలో తోతాపురి కాయలు దిగే కాలంలో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల దారుల్లో మామిడి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. వాటిలో సగానికి వెనక లైటే ఉండదు.

పగటి పూట వేరే బాధ ఉంది. పద్మిని కనిపించిందంటే బైకుల మీద కుర్రాళ్లు పక్కనే సమానంగా వస్తూ వీడియో తీస్తారు. "ఏ మోడలన్నా? అమ్ముతావా?" అని నడుస్తున్న బండిలోని మనిషితో బేరం మొదలుపెడతారు. నవ్వి చెయ్యి ఊపి, స్పీడు తగ్గించి వాళ్లను ముందుకు పోనివ్వండి. వాళ్లను వదిలించుకుందామని యాక్సిలరేటరు తొక్కితే వాళ్లూ తొక్కుతారు. అలాగే ముందు బండికి మీరు వదిలిన ఖాళీలోకి ఎవడో ఒకడు దూరతాడు. దూరినప్పుడల్లా మళ్లీ వెనక్కి తగ్గడమే.

ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం వెళ్లొద్దు. పెట్రోలు పంపు ఇంజనుకే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఘాటు ఎక్కాక పెట్రోలు ఆవిరై బండి మొరాయిస్తుంది. తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగితే లేస్తుంది గానీ ఆ ఎండలో పిల్లలతో రోడ్డు పక్కన నిలబడటం ఎవరికి కావాలి? ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోదు. పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర), పెట్రోలు పైపులు దానికి తగినవి వేయించండి. పైకెక్కాక వెంటనే ఇంజను ఆపకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే మేలు.

కొందరు "వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించు, గొడవ ఉండదు" అని సలహా ఇస్తారు. 2021 నిబంధనల ప్రకారం అది 50 ఏళ్లు దాటిన బండ్లకే. పైగా అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకు తిప్పకూడదు. మీది 1986 బండి, మామూలు ఆర్‌సీ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే చాలు.

ఇంట్లోవాళ్లతో బెంగళూరు అన్నది మొదటి ప్రయాణంగా పెట్టుకోవద్దు. ముందు మీరొక్కరే, తోడుగా బండి తెలిసిన మనిషిని ఎక్కించుకుని కాణిపాకం వెళ్లి రండి. తిరుపతి నుంచి సుమారు 70 కిలోమీటర్లు, దారిలో ఘాటు లేదు. దండం పెట్టుకున్నట్టూ ఉంటుంది, బండిని చూసుకున్నట్టూ ఉంటుంది. అక్కడ ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా దగ్గరగా పెడితే చాలు. ఒకటి మిగతా మూడింటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ షూ వదలకుండా రాసుకుంటూ తిరుగుతోందన్నమాట. నిదానంగా ఇల్లు చేరి, ఆ చక్రం విప్పించి సరిచేయించాక పలమనేరు దాకా ఎక్కి దిగి రండి. బెంగళూరుకు డేటు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.