హోల్డింగ్ కంపెనీ డివిడెండు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: పదవీ విరమణ సమయంలో వచ్చిన డబ్బులో కొంత పెట్టి, ఖనిజాలు, రసాయనాల వ్యాపారాలున్న ఒక హోల్డింగ్ కంపెనీ షేర్లు కొన్నాను. ఒక ఏడాది పలుమార్లు డివిడెండు జమ అయింది. మరుసటి ఏడాది అందులో మూడో వంతు కూడా రాలేదు. పత్రికల్లో ‘1300 శాతం డివిడెండు’ అని చదివితే ఆశ కలుగుతుంది. దీనిని పింఛనులాగా ఇంటి ఖర్చులకు నమ్ముకోవచ్చునా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: నమ్ముకోవద్దనే నా సలహా. ముందుగా ఆ శాతం సంగతి చూద్దాం. డివిడెండు శాతాన్ని మీరు కొన్న ధర మీద కాక షేరు ముఖవిలువ, అంటే కంపెనీ షేరుకు మొదట నిర్ణయించిన విలువ మీద లెక్కిస్తారు. 2023 మార్చిలో హిందుస్థాన్ జింక్ షేరుకు 26 రూపాయలు ప్రకటించింది. దాని ముఖవిలువ 2 రూపాయలే కనుక అది 1300 శాతమైంది. అప్పుడు మార్కెట్లో ఆ షేరు ధర మూడు వందల రూపాయల ప్రాంతంలో ఉంది. అంటే ఆ ధరకు కొన్నవారికి నిజంగా దక్కినది ఎనిమిది, తొమ్మిది శాతం మాత్రమే. పైగా డివిడెండు ఎవరికి రావాలో తేల్చే అర్హత తేదీ నాడు షేరు ధర సాధారణంగా దాదాపు అంత మేరకు తగ్గుతుంది కాబట్టి, కేవలం డివిడెండు కోసం ముందురోజు కొనడం వల్ల లాభమేమీ ఉండదు.

ఇక అసలు విషయానికి వద్దాం. హోల్డింగ్ కంపెనీ అంటే ఇతర కంపెనీల్లో మెజారిటీ వాటా ఉన్న కంపెనీ; ఆ ఇతర కంపెనీలనే అనుబంధ కంపెనీలంటారు. హోల్డింగ్ కంపెనీకి సొంత గనులు, ఫ్యాక్టరీలు ఉన్నా లేకున్నా, దాని రాబడిలో పెద్ద భాగం అనుబంధ కంపెనీలు పంపే డివిడెండే. మన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది, ఇక్కడా అంతే. కంపెనీల చట్టం ప్రకారం ఏ కంపెనీ అయినా తన సొంత లాభాల నుంచి, తరుగుదల (యంత్రాలు, భవనాల వంటి ఆస్తుల అరుగుదల విలువ) తీసివేసిన తర్వాతే డివిడెండు ఇవ్వాలి. లేదా గత సంవత్సరాల్లో పంచకుండా నిలవ ఉంచిన లాభాల నుంచి ఇవ్వవచ్చు. అనుబంధ కంపెనీల లాభాలన్నీ కలిపి చూపే ఏకీకృత లెక్కల్లో ఎంత పెద్ద మొత్తం కనిపించినా, అవి డివిడెండుగా పంపేదాకా ఆ డబ్బు హోల్డింగ్ కంపెనీ పంచదగిన సొమ్ము కాదు. అందుకే వార్షిక నివేదికలో ఏకీకృత లెక్కలతో పాటు కంపెనీ విడి లెక్కలు కూడా చదవమని నేను గట్టిగా కోరుతున్నాను.

రాజస్థాన్‌లో జింకు, సీసం, వెండి తీస్తూ, వాటితో పాటు సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా తయారుచేసే హిందుస్థాన్ జింక్‌నే మళ్లీ చూడండి. 2022–23లో దాని నికర లాభం సుమారు 10,500 కోట్ల రూపాయలు కాగా, పంచిన డివిడెండు షేరుకు 75.50 రూపాయల చొప్పున దాదాపు 31,900 కోట్లు. లాభానికి మూడు రెట్లు పంచగలిగిందంటే ఏళ్ల తరబడి కూడబెట్టిన నిల్వను బయటికి తీసిందన్న మాట. అందులో అధిక భాగం మెజారిటీ వాటా ఉన్న వేదాంతకు చేరగా, వేదాంత అదే ఏడాది తన వాటాదారులకు షేరుకు 101.50 రూపాయలు ఇచ్చింది. ఆ పైన ఉన్న మాతృసంస్థ వేదాంత రిసోర్సెస్‌కు తన అప్పులు తీర్చుకోవడానికి ఈ డబ్బు అవసరమైంది. మరుసటి ఏడాది హిందుస్థాన్ జింక్ 13 రూపాయలు, వేదాంత 29.50 రూపాయలు మాత్రమే ఇచ్చాయి. మీ ఖాతాలో కనిపించిన హెచ్చుతగ్గులకు కూడా ఇలాంటి కారణాలే ఉండవచ్చు: లోహాల ధరలు, కింది కంపెనీల నిల్వలు, పైవారి అవసరాలు. ఈ మూడింటిలో ఏదీ మీ చేతిలో లేదు. నెల ఖర్చుకు కావలసినంత సొమ్మును పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉంచి, ఈ డివిడెండును అదనపు రాబడిగా మాత్రమే చూసుకోండి.

ప్రశ్న: మరణించిన మా నాన్నగారి పెట్టెలో ఒక రసాయనాల కంపెనీ కాగితపు షేర్లు, మార్చుకోని డివిడెండు వారంట్లు దొరికాయి. ఇవి ఇంకా పనికివస్తాయా?
– గృహిణి, నాగర్‌కర్నూల్

జవాబు: డివిడెండు వారంటు అంటే చెక్కులాంటి కాగితం. ఆ వారంట్ల గడువు తీరిపోయినా సొమ్ము మీద హక్కు పోలేదమ్మా. ప్రకటించిన 30 రోజుల్లోగా వాటాదారుకు చేరని డివిడెండును కంపెనీ ప్రత్యేక ఖాతాలో వేస్తుంది. ఏడేళ్లు ఎవరూ అడగకపోతే అది కేంద్ర ప్రభుత్వపు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు (ఐఈపీఎఫ్) వెళుతుంది. వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు కూడా దానితో పాటే బదిలీ అవుతాయి. అక్కడి నుంచి కూడా వారసులు రెండింటినీ తిరిగి పొందవచ్చు.

ముందుగా షేరు పత్రం మీద ఉండే ఫోలియో నంబరుతో, కంపెనీ వాటాదారుల లెక్కలు చూసే రిజిస్ట్రారుకు రాసి, షేర్లు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలుసుకోండి. మరణ ధ్రువపత్రం, మీ పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు, షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే డీమ్యాట్ ఖాతా అవసరమవుతాయి. నామినీ లేకపోతే కోర్టు ఇచ్చే వారసత్వ పత్రం అడగవచ్చు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సరిపోతుందో లేదో రిజిస్ట్రారును ముందే రాతపూర్వకంగా అడిగి, ఆ తర్వాతే మీసేవకు వెళ్లండి. షేర్లు ఫండ్‌కు వెళ్లి ఉంటే ఐఈపీఎఫ్–5 ఫారం ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. దానికి ప్రభుత్వ రుసుము లేదు. సగం వాటా ఇస్తే పని చేసిపెడతామనే మధ్యవర్తులకు అసలు కాగితాలు ఇవ్వకండి.

ప్రశ్న: డివిడెండులో పన్ను కోసి జమ చేశారు. నా ఆదాయం పన్ను పరిధిలోకే రాదు.
– చిరువ్యాపారి, మహబూబ్‌నగర్

జవాబు: 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను వాటాదారే చెల్లించాలి. 2025 ఏప్రిల్ నుంచి ఒక కంపెనీ ఇచ్చే డివిడెండు ఏడాదికి 10,000 రూపాయలు దాటితే 10 శాతం, పాన్ లేకపోతే 20 శాతం మినహాయిస్తారు. రిటర్ను దాఖలు చేస్తే మీ సొమ్ము వాపసు వస్తుంది. వచ్చే ఏడాది నుంచి, మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాదని తెలిపే స్వీయ ప్రకటన ఫారం కంపెనీకి ముందుగానే ఇవ్వండి.

ప్రశ్న: మా మండలంలో సున్నపురాయి తవ్విన కంపెనీ ఎక్కడో ఉన్న వాటాదారులకు డివిడెండు పంచుతుంది. దుమ్ము మాత్రం మాకు. ఇందులో ఊరికి హక్కు లేదా?
– రైతు, మఠంపల్లి మండలం

జవాబు: డివిడెండులో లేదు, కానీ దానికంటే ముందే చెల్లించాల్సిన సొమ్ములో ఉంది. డివిడెండు లాభం ఉంటేనే వస్తుంది. రాయల్టీ మాత్రం కంపెనీకి నష్టం వచ్చినా తవ్విన ప్రతి టన్నుకూ ప్రభుత్వానికి కట్టాల్సిందే. 2014లో సవరించిన రేటు ప్రకారం సిమెంటుకు వాడే సున్నపురాయికి అది టన్నుకు 80 రూపాయలు. 2015 చట్ట సవరణ తర్వాత, రాయల్టీకి అదనంగా దానిలో 30 శాతం పాత లీజుదారులు, 10 శాతం వేలంలో పొందినవారు జిల్లా ఖనిజ నిధికి జమ చేయాలి. పాత లీజులో పది లక్షల టన్నులు తవ్వితే ఆ నిధికి 2 కోట్ల 40 లక్షల రూపాయలు చేరాలి. గనుల వల్ల నష్టపోయిన గ్రామాల్లో తాగునీరు, వైద్యం, విద్య, పర్యావరణ రక్షణకే దానిని ప్రధానంగా ఖర్చు చేయాలి. మీ మండలం నుంచి ఎంత జమ అయింది, ఏ ఊరిలో ఏ పనికి ఇచ్చారు అన్న వివరాలను సమాచార హక్కు చట్టం కింద సూర్యాపేట కలెక్టరేట్‌ను అడగండి. గ్రామసభలో మీకు కావలసిన పనులు తీర్మానించి, ఆ ప్రతిని కూడా కలెక్టరుకు పంపండి.