కోరింగకి ఎంతమంది వస్తారో ముందే చెప్పాలంటే

అమ్మలూ,

కోరింగ మడ అడవులకి ఏ రోజు ఎంత జనం వస్తారో అంచనా కట్టే ప్రాజెక్టు తీసుకున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. ముందే తెలిస్తే పడవలూ మనుషులూ సిద్ధంగా ఉంటారు, లేకపోతే ఆదివారం ఆ చెక్క వంతెన మీద కాలు పెట్టే చోటుండదు.

ముందు పంచాంగం దగ్గర పెట్టుకో. పోయినేడు నవంబరు రెండో ఆదివారం ఇంతమంది వచ్చారు, ఈ ఏడూ అంతే అనుకున్నావో, లెక్క మొత్తం తప్పుతుంది. మనవాళ్ళు చెట్ల నీడకి బయల్దేరేది కార్తీకంలో, వనభోజనాల పేరుతో. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి మళ్ళీ నవంబరు 8కి జరుగుతుంది, కార్తీకం దాని వెనకే మొదలవుతుంది. అందుకే ప్రతి తేదీకి ఎదురుగా మాసం, తిథి, వారం రాసుకో. కార్తీక సోమవారం ఉపవాసాలు, ద్రాక్షారామం, సామర్లకోట గుళ్ళ హడావిడి, దాన్ని ఆదివారంతో కలపొద్దు. సంక్రాంతి మాత్రం జనవరి మధ్యలోనే ఉంటుంది, దాంతో ఇబ్బంది లేదు.

తిథి ఇంకో పనికీ కావాలి. సముద్రపు పోటు వచ్చే వేళ చంద్రుణ్ణి బట్టి రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నీళ్ళు తీసి బురద తేలిన వేళ పడవ కదలదు, పడవ టికెట్లు తెగవు. అది చూసి జనానికి ఆసక్తి లేదనుకోకు. తుఫానుకి మూసేసిన రోజుకి కూడా సున్నా వేయకు, 'మూసివేత' అని రాయి.

టికెట్ పుస్తకం ఒక్కటే నమ్ముకోకుండా కొన్ని రోజులు బండ్లు ఆగేచోట నిలబడి, ఏ బండిలోంచి ఎంతమంది దిగారు, ఏ ఊరు అని అడిగి రాసుకో. కాకినాడ వాళ్ళు అప్పటికప్పుడు అనుకుని వస్తారు, నాలుగు చినుకులు పడితే మానేస్తారు. భీమవరం నుంచి వచ్చేవాళ్ళు ముందే బండి మాట్లాడుకుని ఉంటారు, మబ్బు పట్టినా ఆగరు. కాబట్టి వాన ప్రభావాన్ని అందరికీ ఒకేలా వేయకు, దూరాన్ని బట్టి వెయ్యి. స్కూలు బస్సుల్ని విడిగా లెక్కపెట్టు, ఒక్క బస్సు దిగినా ఆ రోజు సగటు తారుమారైపోతుంది.

ఆఖరి ఏడాది లెక్కలు పక్కన దాచి, మిగతావాటితో అంచనా కట్టి, ఆ తర్వాత పోల్చి చూడు. ఒకే అంకె చెప్పకు, ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పు. అంతా అయ్యాక పడవ నడిపేవాళ్ళకి చూపించు, వాళ్ళు కాదన్న రోజుల్ని మళ్ళీ మొదట్నుంచి లెక్క చూసుకో.

పెదనాన్న