అండమాన్‌లో చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి

అమ్మానాన్నలతో కలిపి నలుగురం, ఐదు రోజులు, ప్యాకేజీ లేకుండా అండమాన్ దీవులు తిరగగలమా అని అడిగారు. హాయిగా తిరగొచ్చు, మేమూ అలాగే వెళ్లాం. ఒక్కచోట మాత్రం దెబ్బతిన్నాం, ముందు అది చెప్తాను.

పోర్ట్ బ్లెయిర్ నుంచి తిరుగు విమానం మధ్యాహ్నం కదా, పొద్దున బోటుకు హేవ్‌లాక్ దీవి నుంచి వచ్చేద్దాంలే అనుకున్నాం. తెల్లారేసరికి ఈదురుగాలి, వాన. జెట్టీకి వెళ్తే ఈ రోజు బోట్లు లేవన్నారు. బోటు టికెట్ డబ్బులు వెనక్కి వచ్చాయి, విమానానివి పోయాయి. జెట్టీ బయట టీ కొట్టాయన శ్రీకాకుళం వైపు మనిషి (అక్కడ మనవాళ్లు బాగానే ఉన్నారు). ఎవరైనా చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటారు కదండీ అని మమ్మల్నే వింతగా చూశాడు.

కాబట్టి మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్, తర్వాత హేవ్‌లాక్‌లో రెండు, చివరిది మళ్లీ పోర్ట్ బ్లెయిర్. నీల్‌ని తిరుగు దారిలో కొన్ని గంటలు చూస్తే చాలు, చిన్న దీవే. 2018లో పేర్లు మార్చారు: హేవ్‌లాక్ అంటే స్వరాజ్ ద్వీప్, నీల్ అంటే షహీద్ ద్వీప్. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. బుక్ చేసేటప్పుడు కొత్త పేర్లు కనిపిస్తే కంగారు పడకండి.

ప్రైవేటు బోటు హేవ్‌లాక్‌కి గంటన్నరలో చేరుస్తుంది. ప్రభుత్వ బోటు చవక, కాకపోతే ఇంకో గంట ఎక్కువ. టికెట్ దొరికితే నేను ప్రభుత్వ బోటే ఎక్కుతాను, పైకెళ్లి గాలికి నిలబడొచ్చు. మేమెక్కిన ప్రైవేటు బోటులో అంతా ఏసీ, అద్దాలు తెరుచుకోవు. అమ్మ నాలుగు ఇడ్లీలు తిని ఎక్కింది. నాన్న కవర్ అందించేలోపే ఆయన చొక్కా మీద అయిపోయింది. వాంతుల మాత్ర అరగంట ముందే వేయండి, ముందు వరుసలో కూర్చోబెట్టకండి.

బారాటాంగ్ (సున్నపురాయి గుహలుండే దీవి) ఈసారికి వదిలేయండి. జరావా తెగవాళ్ల రిజర్వు మీదుగా వాహనాల్ని వరుసగా కాన్వాయ్‌లో పంపుతారు, పొద్దున మొదటిదాన్ని అందుకోవాలంటే ఇంకా చీకటిగా ఉండగానే లేవాలి. దారిలో ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. పెద్దవాళ్లకి కష్టం.

హేవ్‌లాక్‌లో స్కూటీ అద్దెకిస్తారు, లైసెన్స్ మర్చిపోకండి. అమ్మానాన్నలకి ఆటో మాట్లాడండి. రాధానగర్ బీచ్‌కి మూడింటికల్లా చేరిపోవాలి. చలికాలంలో ఐదుకే సూర్యుడు దిగిపోతాడు, ఆ తర్వాత దారంతా చీకటి. దింపిన ఆటోనే ఆగమని ముందే బేరం ఆడుకోండి.