ఆ చివరి పేరా ఎందుకు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఒడిశాలోని గుణుపురం బడిలో ప్రధానోపాధ్యాయుడి గది, కొడుకును చేర్పించడానికి వచ్చిన తండ్రి, ఒడియాలో అచ్చయిన దరఖాస్తు ఫారం. చిన్న కథే అయినా పట్టు ఉంది. చదివినవాళ్ళు తలొక రకంగా అర్థం చేసుకుంటున్నారనీ, అందుకని చివర ఒక పేరా కలిపాననీ రాశావు. ఆ పేరా గురించే ఈ ఉత్తరం.

నువ్వు ఏమీ అనుకోవనే ధైర్యంతో దాన్ని పక్కన పెట్టి, ఇక్కడ బరంపురంలో ముగ్గురికి కథ చదివి వినిపించాను. "తండ్రి కలం మూత తీసి, కాసేపు ఆగి, ఒడియాలో సంతకం పెట్టాడు" అన్న వాక్యం దగ్గర ముగ్గురూ మూడు దారులు పట్టారు. రిటైరైన తెలుగు మాస్టారికి కళ్ళు చెమర్చాయి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇటువైపు ఉండిపోయిన తెలుగు కుటుంబాల బాధంతా ఆయనకు ఆ సంతకంలో కనిపించింది. సెలవులకు వచ్చిన మా మేనకోడలిది శ్రీకాకుళం. తెలుగులో పెడితే పిల్లవాడికి సీటు రాదని తండ్రి భయపడ్డాడంది. పట్టుచీరల దుకాణంలో గుమస్తాగా చేసే కుర్రవాడు మాత్రం పెదవి విరిచాడు. "ఫారం ఒడియాలో ఉంటే సంతకమూ ఒడియాలోనే పెడతాం. రోజూ చేసేదే కదండీ, ఇందులో కథేముంది?" అన్నాడు. అంతలోనే తనే అడిగాడు: "మరి ఎందుకు ఆగినట్టు?"

ఆ ప్రశ్న పుట్టించింది కనుకనే నీది కథ అయింది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మనిషి ఆ గుమస్తా. మిగిలిన ఇద్దరికీ సంతకం వింత, అతనికి ఆగడం వింత. నీ చివరి పేరా ఏం చేస్తోందో చూడు. "పరాయి లిపిలో తన పేరు తనకే పరాయిగా తోచింది" అని జవాబు చెప్పేస్తోంది. వాక్యం అందంగానే ఉంది. కానీ అది మాస్టారి జవాబు. దాని తర్వాత గుమస్తాకు ఆలోచించే పనే ఉండదు. ఆ పేరా తీసేయి, అక్కడ ఖాళీ అలాగే వదిలేయి.

సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసిన మన ఆలంకారికులకు ఇది బాగా తెలుసు. మమ్మటుడు కావ్యప్రకాశంలో "సూర్యుడు అస్తమించాడు" అన్న ఒక్క మాటను తీసుకున్నాడు. పనిచేసేవాడికి అది పని ఆపమనడం, కాపరికి పశువులను ఇంటికి తోలమనడం, వైదికుడికి సంధ్య వార్చమనడం, ప్రియుడి కోసం చూసే స్త్రీకి ఇంకేదో. మాట అదే, విన్నవాళ్ళు వేరు. రాసేవాడికి సృష్టించే కారయిత్రీ ప్రతిభ ఉన్నట్టే చదివేవాడికి ఆస్వాదించే భావయిత్రీ ప్రతిభ ఉంటుందన్నాడు మరో ఆలంకారికుడు రాజశేఖరుడు. చదివేవాళ్ళను నాలుగు రకాలు కూడా చేశాడు: ఏదీ రుచించని అరోచకి, గడ్డితో సహా మింగేసే సతృణాభ్యవహారి, ఓర్వలేని మత్సరి, అసలు విషయం పట్టుకునే తత్త్వాభినివేశి. నీకు నలుగురూ ఎదురవుతారు. మూడో రకం వాళ్ళు సాహిత్య సభల్లో ముందు వరుసలోనే కూర్చుంటారు. 1967లో ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ రచయిత మరణించాడని, అంటే అర్థం ఇక చదివేవాడి చేతిలోనే ఉందని ప్రకటించాడు. మనవాళ్ళు అంత దూరం పోలేదు. రచయితను బతకనిచ్చి, పక్కనే సహృదయుడికి, అంటే మనసుపెట్టి చదివేవాడికి, పీట వేశారు. నాకు ఈ ఏర్పాటే నచ్చుతుంది.

అలాగని ఎవరేమన్నా చెల్లదు. తండ్రికి ఒడియా రాక తడబడ్డాడని నీ స్నేహితురాలు అన్నదట. అది కుదరదమ్మా. రెండో పేజీలోనే అతను కొడుకు చేత పలక మీద ఒడియా అక్షరాలు దిద్దిస్తున్నాడు. అది మరచిపోవడం ఆ అమ్మాయి తప్పు. చదివిన ప్రతివాళ్ళూ అదే అంటే మాత్రం తప్పు నీది, పలక సరిగా కనిపించలేదన్నమాట. అప్పుడైనా బాగుచేయవలసింది ఆ రెండో పేజీనే.

ఖాళీ వదలమన్నాను కదా అని మసకగా రాయకు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడినా, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు వాచకాలు తయారుచేసినా, చదివేవాడికి మాటలే అడ్డు కాకూడదనే. గది, ఫారం, పలక, కలం స్పష్టంగా కనిపించాలి. చెప్పకుండా ఉండవలసింది ఆ కాసేపట్లో తండ్రి మనసు ఒక్కటే. నాలుగో పేజీలో "ఏదో అవ్యక్తమైన నీడ అతనిలో కదిలింది" అన్నావే, అది కూడా కొట్టివేయి.

పత్రికకు పంపేముందు ఆంధ్రవైపు పాతపట్నంలో ఒకరికి, ఒడిశావైపు గుణుపురంలో ఒకరికి చదివి వినిపించు. అర్థమైందా అని అడగకు, అయిందనే అంటారు. కథను వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పమను. ఎక్కడ వదిలేశారో, ఎక్కడ సొంతంగా కలిపారో విను. మధ్యలో నోరు మెదపకు, అన్నిటికంటే అదే కష్టం.

తిరగరాసిన ప్రతి దసరాలోగా నాకు పంపు. తండ్రి ఎందుకు ఆగాడో మాత్రం ఉత్తరంలో రాయవద్దు. నా జవాబు నాకుంది, నీకు చెప్పను.

నీ శ్రేయోభిలాషి,
బరంపురం