పగటిపూట ఆ ఊళ్ళో ఎవరుంటారు?

చిన్నా,

సిటీ బయట కొత్తగా పెరుగుతున్న ఆ టౌన్‌కి మారిపోదామనుకుంటున్నావని మీ నాన్న, అదే మా అన్నయ్య, ఫోన్లో చెప్పాడు. వినగానే సంతోషపడ్డానురా, నిజంగా. సొంతిల్లు, పిల్లాడికో గది, మీ నాన్నకి మెట్లెక్కే పని లేకుండా కిందే ఇంకో గది, ఇదంతా నీ కష్టార్జితంతో అమరుతోందంటే వదిన ఉంటే ఎంత మురిసిపోయేదో. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. "వాడికి నచ్చింది కదా, బానే ఉంటుందిలే" అన్నాడు అన్నయ్య. మరి నీకు నచ్చిందా అని అడిగితే మాట దాటేశాడు, మళ్ళీ అడిగితే పిల్లాడి చదువు గురించి ఎత్తుకున్నాడు. మెసేజ్ పెడితే ఆఫీసు పనిలో పడి పైపైన చూసి వదిలేస్తావని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా, కూర్చుని చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. కాగితాలు నీ సొంత లాయర్‌కి చూపించు, బిల్డర్ చెప్పిన లాయర్‌కి కాదు. వీలైతే కొనకముందు అక్కడే ఒక ఏడాది అద్దెకుండు, ఒక వానాకాలం కళ్ళారా చూడు. రోడ్డు వస్తుంది, రైలు వస్తుంది అని చెప్పేవన్నీ లెక్కలోంచి తీసేయ్, ఇవాళ అక్కడ ఏముందో దాన్నిబట్టే ఆలోచించు.

నీళ్ళ గురించి ఇంకాస్త చెప్తా, ఉద్యోగమంతా ఆ డిపార్ట్‌మెంటులోనే గడిచింది కాబట్టి. ఇళ్ళు ఏడాది రెండేళ్ళలో లేచిపోతాయి కానీ మంచినీళ్ళ మెయిన్ లైనూ మురుగునీటి ప్లాంటూ అంత తొందరగా రావు, వాటికి స్థలం కావాలి, అనుమతులు కావాలి, డబ్బు శాంక్షన్ అవ్వాలి, ఏళ్ళు పడుతుంది. ఈలోపు అందరూ బోర్లు వేసేస్తారు, పైనేమో నేలంతా సిమెంటూ తారూ పరిచేస్తారు, ఇక వాన నీళ్ళు ఇంకేదెక్కడ, తోడేది ఎక్కువ చేరేది తక్కువ. లైను వచ్చాక కూడా చివర్లో ఉన్న వీధులకి ప్రెషర్ సరిగ్గా అందదు. కాబట్టి నీ వీధి లైనుకి మొదట్లో ఉందా చివర్లో ఉందా అడుగు. మెరకలో ఉందా పల్లంలో ఉందా చూడు. పాత మ్యాపులో అక్కడ చెరువో వాగో కనిపిస్తే ఇంకేం ఆలోచించకు, వదిలేయ్. మట్టి పోసి ఎత్తు చేశామంటారు, ఆ పోసిన మట్టి సరిగ్గా గట్టిపడకపోతే ఏళ్ళతరబడి కుంగుతూనే ఉంటుంది, గోడలు బీటలు తీస్తాయి.

ఇవన్నీ మేమూ చూసుకున్నాం. మీ మావయ్యా నేనూ ఇలాంటి టౌన్‌కే మారినప్పుడు కాగితాలు, నీళ్ళు, డ్రైనేజీ ఒక్కటీ వదల్లేదు. మా అత్తగారిని మాత్రం ఎవరం అడగలేదు. ఆవిడకి మంచి గది చూశాం, కిటికీ ఉంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, బాత్రూమ్ పక్కనే, ఇంకేం కావాలి అనుకున్నాం. పాత వీధిలో ఆవిడ సాయంత్రం అరుగు మీద కూర్చుంటే దారినపోయే వాళ్ళలో సగం మంది ఆగి పలకరించేవాళ్ళు, ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాలేదో, ఎవరి పిల్లాడు పరీక్ష తప్పాడో అన్నీ ఆవిడకి తెలుసు. కొత్త చోట ఫుట్‌పాత్ లేదు, గేటు దాటితే కంకర లారీలు. పక్కిళ్ళన్నిటికీ పొద్దున తొమ్మిదికి తాళాలు పడిపోయేవి, అందరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళే, మాలాగే. ఆవిడ ఒక్క మాట అనలేదురా. బావుందమ్మా, బావుంది అనేది.

ఒకరోజు కరెంటు మీటర్ చూసే అబ్బాయి నాకు ఎదురుపడి, "మేడమ్, పెద్దమ్మగారు బిల్లు మళ్ళీ మళ్ళీ చదివించుకుంటారు, ఏమైనా తేడా ఉందంటారా" అని అడిగాడు. తేడా ఏం లేదు. వాడు కాసేపు కూర్చోవాలని, అంతే. నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ల పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు కూడా ఆవిడకి నోటికొచ్చని ఆ తర్వాత తెలిసింది. ఆ వారమే గుమ్మం దగ్గర ఊడుస్తూ ఆవిడ చెప్పులు చూశా, మారేటప్పుడు కొన్న కొత్త చెప్పులు, పైన సిమెంటు దుమ్ము పేరుకుపోయింది, కింద అరుగుదలే లేదు. అప్పటికే ఆవిడ మాట తగ్గిపోయింది, పేర్లు తడబడుతున్నాయి, వయసు మీద పడుతోంది కదా అనుకుంటున్నాం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన పరీక్షలన్నీ అయ్యాక "పగలు ఈవిడ ఎవరితో మాట్లాడతారు" అని అడిగాడు. మీ మావయ్య నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను.

తర్వాత మా ఆడపడుచు ఇంటికి పంపాం, పాత పేటలో. అక్కడ నాలుగు వీధులు నడిచేది, ఫోన్ చేస్తే నాకు మాట్లాడే సందు ఇచ్చేది కాదు. మా ఇంటికి మాత్రం పండక్కి పిలిచినా రాత్రి ఉండలేదు, సాయంత్రానికల్లా వెళ్ళిపోయేది. మీ మావయ్య ఆ ఇంటికి అంత కష్టపడి వాయిదాలు కట్టారు కదా, అది ఆయన్ని చివరిదాకా తొలిచేసింది.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. 2023లో అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వం తరఫున ప్రజారోగ్యం గురించి చెప్పే పెద్ద డాక్టర్, వివేక్ మూర్తి ఒంటరితనం మీద హెచ్చరిక విడుదల చేశారు. మనుషులతో పొత్తు లేకపోతే ప్రాణానికొచ్చే ముప్పు రోజుకి 15 సిగరెట్లు తాగినంత దాకా ఉండొచ్చని, గుండెజబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువని అందులో ఉంది. మీ నాన్నకి బీపీ ఉంది, వదిన పోయాక మాటే తగ్గింది, నాకు భయం వేయదా చెప్పు.

అందుకే హాస్పిటల్ సంగతి. బ్రోచర్లో ఇన్ని కిలోమీటర్లు అని రాస్తారు, అది నమ్మకు, పొద్దున ట్రాఫిక్‌లో ఒకసారి, రాత్రి రెండింటికి ఒకసారి కారేసుకుని వెళ్ళి ఎన్ని నిమిషాలో చూడు. బోర్డు చూసి వచ్చేయకు, రాత్రిపూట సీటీ స్కాన్ నడుస్తుందా, డాక్టర్ ఉంటాడా అని లోపలికెళ్ళి అడుగు. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే. పగలు ఇంట్లో ఒక్కడే ఉంటే ఎప్పుడు మొదలైందో ఎవరు చూస్తారు?

నీ రాకపోకలు కూడా ఆలోచించరా. బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్జర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల వివరాలు చూసి 2008లో రాశారు, ఎక్కువసేపు ప్రయాణం చేసి ఉద్యోగానికెళ్ళేవాళ్ళు జీవితం మీద తక్కువ తృప్తితో ఉన్నారట, మంచి ఇల్లో మంచి జీతమో దాన్ని పూడ్చలేదట. నువ్వు రాత్రి ఇంటికొచ్చేసరికి పిల్లాడు పడుకుని, మీ నాన్న టీవీ ముందు కునికిపాట్లు పడుతుంటే ఆ పెద్ద హాలు ఎవరి కోసం?

కోప్పడుతున్నాననుకోకు. నీకు గుర్తుందో లేదో, చిన్నప్పుడు స్కూలు మార్చినప్పుడు నువ్వు చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, రోజూ నిన్ను క్లాసులో దింపి మీ నాన్న కిటికీ అవతలే నిలబడేవాడు, నువ్వు తల తిప్పి చూసినప్పుడల్లా కనిపించాలని ఆఫీసుకి లేటుగా వెళ్ళేవాడు. నువ్వు చిన్నవాడివి, నెల తిరిగేసరికి దోస్తులు దొరికారు. ఆయనకి ఆ వయసులో అంత తేలిగ్గా దొరకరు. ఆయనకి చెప్పావు గానీ అడగలేదు, అది నాకు నచ్చలేదు.

వెళ్ళొద్దని నేననను. కొత్త టౌన్లలో కూడా లైబ్రరీ, పార్కు, నీడ ఉన్న రోడ్డు, ఎక్కడానికి అందే బస్సు దొరికే చోట్లుంటాయి, ఇల్లు రెండు గదులు చిన్నదైనా అలాంటి చోటు చూడు. ఆదివారం వెళ్ళి చూస్తే ప్రతి వీధీ కళకళలాడుతుంది, అది లెక్క కాదు. మామూలు పనిరోజున పొద్దున పదకొండింటికి వెళ్ళు, ఆయన్ని గేటు దగ్గర వదులు, మందుల షాపుకీ క్షవరానికీ ఒక్కడే నడిచి వెళ్ళిరాగలడేమో చూడు, దారిలో ఎంతమంది మనుషులు కనిపించారో ఆయన్నే అడుగు.

అడ్వాన్స్ ఇంకా కట్టలేదు కదా? కట్టకు. వచ్చే వారం ఒకరోజు సెలవు పెట్టు, నేనూ వస్తా. నువ్వూ అమ్మాయీ సైట్ ఆఫీసులో మాట్లాడుకోండి, నేనూ అన్నయ్యా ఆ వీధులు నడిచొస్తాం. ఏ రోజో చెబితే టికెట్ నేనే చేయించుకుంటా.

మీ అత్త